మోటారు ఆగిపోయినా రాకెట్ పైకే ఎందుకు వెళ్తుంది?

రెండు సెకన్లు మాత్రమే మండే మోటారుతో ఒక చిన్న రాకెట్ నిట్టనిలువుగా పైకి లేచింది. మోటారు ఆరిపోయింది. మంట లేదు, పొగ లేదు. అయినా రాకెట్ ఇంకా పైకే దూసుకుపోతోంది. సరిగ్గా ఈ క్షణంలో దానిమీద పనిచేస్తున్న బలాలు ఏవి? అవి ఏ దిశలో ఉన్నాయి?

న్యూటన్ గమన నియమాలను తొమ్మిదో తరగతిలోనే చదువుకుంటాం. మూడు నియమాలనూ తడుముకోకుండా అప్పజెప్పగలిగిన విద్యార్థులు కూడా ఈ ప్రశ్న దగ్గర తరచుగా ఒకే జవాబు చెబుతారు: “పైకి వెళ్తోంది కాబట్టి పైకి ఏదో ఒక బలం ఉండే ఉంటుంది. అది మెల్లగా తగ్గిపోతూ ఉంటుంది.” వినడానికి సబబుగానే ఉన్నా ఈ జవాబు తప్పు. మోటారు ఆరిన తర్వాత రాకెట్ మీద పైకి నెట్టే బలం ఒక్కటీ లేదు. భూమి గురుత్వ బలం కిందికి లాగుతోంది. గాలి నిరోధం కూడా కిందికే పనిచేస్తోంది. బలాలన్నీ కిందికి, ప్రయాణం పైకి. ఈ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమో అర్థమైతే గమన నియమాలు అర్థమైనట్లే.

ఆ అవగాహన కలిగించడానికి మోడల్ రాకెట్ ప్రయాణాన్ని లెక్కలతో అనుకరించే సిమ్యులేషన్ చక్కగా పనికొస్తుంది. కంప్యూటర్ ఉంటే మంచిదే. లేకపోయినా ఒక కాగితం, పెన్సిల్, మామూలు క్యాలిక్యులేటర్ చాలు.

నియమం నోటికి వచ్చు, మనసుకు ఎక్కదు

కదలాలంటే బలం కావాలన్న అభిప్రాయం మనకు పుస్తకాల నుంచి వచ్చింది కాదు. రోజువారీ అనుభవం నుంచి వచ్చింది. ఎద్దులు లాగడం మానేస్తే బండి ఆగుతుంది. తొక్కడం ఆపేస్తే సైకిలు కాసేపటికి ఆగుతుంది. ఘర్షణ అన్నది కంటికి కనబడదు కాబట్టి, బలం ఆగింది కనుకే కదలిక ఆగిందని మనసు తీర్మానించుకుంటుంది. ప్రాచీన గ్రీసులో అరిస్టాటిల్ కూడా దాదాపు ఇలాగే ఆలోచించాడు. ఈ ఆలోచన నుంచి బయటపడటానికి శాస్త్రానికి రెండు వేల ఏళ్లు పట్టింది. న్యూటన్ తన గమన నియమాలను ‘ప్రిన్సిపియా’లో ప్రచురించింది 1687లో.

అమెరికాలో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు 1982లో ప్రచురించిన అధ్యయనంలో ఇంజనీరింగ్ విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న అడిగాడు. ఒక నాణేన్ని నిటారుగా పైకి ఎగరేశాం. చేతిని వదిలి పైకి వెళ్తున్నప్పుడు దానిమీద ఏ బలాలు ఉన్నాయో బాణాలతో గీయమన్నాడు. ఎక్కువమంది పైకి ఒక బాణం గీశారు. భౌతికశాస్త్ర పాఠాలు విన్న తర్వాత కూడా చాలామందిలో ఆ బాణం చెరిగిపోలేదు. 1992లో హెస్టినెస్, వెల్స్, స్వాక్‌హామర్ అనే ముగ్గురు కలిసి ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ అనే ప్రశ్నావళిని తయారుచేశారు. బలం, చలనాల గురించి విద్యార్థి నిజంగా ఏమనుకుంటున్నాడో పట్టుకోవడానికి ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. అందులో కొన్ని ప్రశ్నలు అంతరిక్షంలో వెళ్తున్న రాకెట్ గురించే: ఇంజిన్ వేస్తే దారి ఎలా మారుతుంది, ఆపేస్తే ఏమవుతుంది అని.

అంటే ఈ చిక్కు తెలివితేటలకు సంబంధించింది కాదు. సూత్రంలో అంకెలు వేసి మార్కులు తెచ్చుకునే విద్యార్థి కూడా పాత నమ్మకాన్ని అలాగే మోసుకుంటూ వెళ్లవచ్చు. దాన్ని కదిలించాలంటే ఆ నమ్మకం ప్రకారం ముందుగా ఒక జవాబు చెప్పించాలి. తర్వాత నియమం ప్రకారం ఏం జరుగుతుందో అతని చేతనే లెక్క కట్టించాలి.

మోడల్ రాకెట్ అంటే ఏమిటి?

అట్ట గొట్టం, తేలికైన కర్ర లేదా ప్లాస్టిక్ ముక్కు, కింద మూడు నాలుగు రెక్కలు, లోపల ఒక చిన్న పారాచూట్, అడుగున ఒకసారి వాడి పారేసే ఘన ఇంధన మోటారు. మోడల్ రాకెట్ అంటే స్థూలంగా ఇంతే. 1950ల్లో అమెరికాలో ఆర్విల్ కార్లైల్, హ్యారీ స్టైన్ దీన్ని ఒక వ్యాపకంగా రూపుదిద్దారు. 1957లో స్పుత్నిక్ ఎగిరాక అక్కడి పిల్లలు ఇళ్లలో మందు కూరి రాకెట్లు చేయడం, గాయపడటం పెరిగింది. కర్మాగారంలో తయారైన మోటారును మాత్రమే వాడాలి, దూరం నుంచి విద్యుత్తుతో వెలిగించాలి అన్న కట్టుబాట్లు ఆ ప్రమాదాలను ఆపడానికి వచ్చినవే.

ఈ మోటార్లను అక్షరాలతో వర్గీకరిస్తారు. బలాన్ని, అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేది ప్రచోదనం. ‘ఏ’ తరగతి మోటారు గరిష్ఠ ప్రచోదనం 2.5 న్యూటన్-సెకన్లు. ‘బీ’కి 5, ‘సీ’కి 10. అక్షరం మారినప్పుడల్లా ఆ హద్దు రెట్టింపవుతుంది.

మన దేశంలో ఇలాంటి మోటార్లు అంగడిలో బొమ్మల పక్కన దొరికే వస్తువులు కావు. ఇంధనం నింపిన మోటారు పేలుడు పదార్థాల చట్టాల పరిధిలోకి వస్తుంది. ఇన్-స్పేస్ సంస్థ కళాశాల విద్యార్థుల కోసం మోడల్ రాకెట్ పోటీలు నిర్వహిస్తోంది కానీ, ఊళ్లోని ఉన్నత పాఠశాలకు అది అందుబాటులో ఉండేది కాదు. కాబట్టి మన పిల్లల్లో చాలామందికి సిమ్యులేషనే మొదటి రాకెట్. ఇంట్లో మందు కూరి రాకెట్ చేసే ప్రయత్నం ఎవరూ, ఎప్పుడూ చేయకూడదు. వేళ్లు, కళ్లు పోగొట్టుకునే దారి అది.

సిమ్యులేషన్ లోపల ఏముంది?

తెర మీద రాకెట్ ఎగురుతుంటే ఏదో మాయలా కనిపిస్తుంది కానీ, లోపల జరిగేది రెండో నియమాన్ని మళ్లీ మళ్లీ వాడటమే. ప్రయాణాన్ని చిన్న చిన్న కాల విరామాలుగా కోస్తారు. ప్రతి విరామంలో నాలుగు పనులు:

1. రాకెట్ మీద ఉన్న బలాలన్నీ కూడి ఫలిత బలం కనుక్కోవాలి.
2. దాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వస్తుంది.
3. త్వరణాన్ని కాల విరామంతో గుణించి పాత వేగానికి కలిపితే కొత్త వేగం.
4. సగటు వేగాన్ని కాల విరామంతో గుణించి పాత ఎత్తుకు కలిపితే కొత్త ఎత్తు.

మళ్లీ మొదటికి. అంతే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాకెట్ ద్రవ్యరాశి 100 గ్రాములు, అంటే 0.1 కిలోగ్రాము. దాని బరువు 0.98 న్యూటన్లు. మోటారు 5 న్యూటన్ల బలంతో 2 సెకన్ల పాటు నెడుతుంది, అంటే ప్రచోదనం 10 న్యూటన్-సెకన్లు. రాకెట్ వ్యాసం రెండున్నర సెంటీమీటర్లు అనుకుంటే, గాలి నిరోధం సుమారుగా 0.00018ని వేగం వర్గంతో గుణిస్తే వచ్చినంత. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుందన్నమాట. ఇంధనం మండేకొద్దీ రాకెట్ కాస్త తేలికవుతుంది కానీ, మొదటి ప్రయత్నంలో దాన్ని పక్కన పెడదాం. అర సెకను చొప్పున లెక్క వేస్తే ఇలా వస్తుంది:

0 సెకను: వేగం 0. గాలి నిరోధం 0. ఫలిత బలం 4.02 న్యూటన్లు పైకి. త్వరణం 40.2.
0.5 సెకను: వేగం 20.1. నిరోధం 0.07. ఫలిత బలం 3.95. త్వరణం 39.5. ఎత్తు 5 మీటర్లు.
1 సెకను: వేగం 39.8. నిరోధం 0.29. ఫలిత బలం 3.73. త్వరణం 37.3. ఎత్తు 20 మీటర్లు.
1.5 సెకన్లు: వేగం 58.5. నిరోధం 0.62. ఫలిత బలం 3.40. త్వరణం 34.0. ఎత్తు 45 మీటర్లు.
2 సెకన్లు: వేగం 75.5. ఎత్తు 78 మీటర్లు. మోటారు ఆరింది.

(వేగం సెకనుకు మీటర్లలో, త్వరణం సెకను వర్గానికి మీటర్లలో.)

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఒక్కో అర సెకను అంతటా త్వరణం మారలేదని మనం అనుకున్నాం. నిజానికి అది క్షణక్షణానికి తగ్గుతూ ఉంటుంది. అందుకే మన వేగం కాస్త ఎక్కువ వచ్చింది. ఇదే లెక్కను సెకనులో నూరో వంతు చొప్పున వేస్తే 2 సెకన్ల దగ్గర వేగం 73.4 దగ్గర నిలుస్తుంది, ఎత్తు 77 మీటర్లు. కాలాన్ని ఎంత సన్నగా తరిగితే జవాబు అంత నిజానికి దగ్గరవుతుంది. తరిగే పని విసుగు లేకుండా చేసేది కాబట్టే కంప్యూటర్ కావలసి వచ్చింది. కలన గణితం వెనక ఉన్న ఆలోచన కూడా ఇదే.

మోటారు ఆరిన క్షణం

ఇప్పుడు అసలు వరుసకు వద్దాం. 2 సెకన్ల దగ్గర మోటారు బలం 5 నుంచి ఒక్కసారిగా సున్నా అయింది. పట్టికలో మిగిలినవి రెండే బలాలు: బరువు 0.98 న్యూటన్లు, గాలి నిరోధం 1.03 న్యూటన్లు. రెండూ కిందికే. ఫలిత బలం 2.01 న్యూటన్లు, కిందికి. త్వరణం 20.1, అదీ కిందికే. కానీ వేగం? సెకనుకు 75.5 మీటర్లు, పైకి!

ఈ వరుసను విద్యార్థి తన చేత్తో రాసినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. పైకి బలం ఉండాలని అతని మనసు అంటుంది. పట్టికలో ఆ అంకెకు చోటు లేదు. ఏ బలం అని రాయాలి? ఎవరు ప్రయోగిస్తున్నారు? భూమా, గాలా, మోటారా? ప్రతి బలానికీ దాన్ని ప్రయోగించే వస్తువు ఒకటి ఉండాలి. ‘పైకి వెళ్లే ఊపు’ అనే బలానికి యజమాని దొరకడు. ఆ ఊపు బలం కాదని, అది రాకెట్‌కు ఉన్న వేగమేనని, దాని ద్రవ్యవేగమేనని అప్పుడు తెలుస్తుంది. బలం వేగాన్ని మారుస్తుంది. ఉన్న వేగం అలాగే ఉండటానికి బలం అక్కర్లేదు. మొదటి నియమం చెప్పేది ఇదే.

తర్వాతి అర సెకనులో వేగం 75.5 నుంచి 65.5కు పడిపోతుంది. రాకెట్ నెమ్మదిస్తోంది, అయినా పైకే వెళ్తోంది. లెక్కను సన్నగా తరిగి చివరిదాకా నడిపిస్తే రాకెట్ దాదాపు 7.9 సెకన్లకు 268 మీటర్ల ఎత్తులో శిఖరాన్ని చేరుతుంది. అందులో మోటారు మండుతుండగా ఎక్కింది 77 మీటర్లే. మిగతా 191 మీటర్లు, అంటే పదింట ఏడు వంతులు, ఎవరూ నెట్టకుండానే ఎక్కింది. గాలి నిరోధాన్ని సున్నా చేసి చూస్తే ఎత్తు 410 మీటర్లు వస్తుంది. గాలి అనే కనబడని వస్తువు ఈ చిన్న రాకెట్ నుంచి 142 మీటర్లు దోచుకుంది.

శిఖరం దగ్గర ఇంకో ప్రశ్న అడగవచ్చు. అక్కడ వేగం సున్నా. మరి త్వరణం? సున్నా అనేవాళ్లే ఎక్కువ. పట్టిక మాత్రం 9.8 అంటుంది, కిందికి. వేగం లేకపోతే గాలి నిరోధం ఉండదు, కానీ గురుత్వం ఎక్కడికీ పోలేదు. త్వరణం కూడా నిజంగా సున్నా అయితే రాకెట్ ఆ ఎత్తులోనే వేలాడుతూ ఉండిపోవాలి.

ఆ తర్వాత పారాచూట్ విచ్చుకుంటుంది. కాసేపటికి రాకెట్ సెకనుకు నాలుగైదు మీటర్ల స్థిర వేగంతో దిగుతుంది. దిగుతోంది కాబట్టి బరువే గాలి నిరోధం కన్నా ఎక్కువ అనిపిస్తుంది. కానీ వేగం మారడం లేదంటే ఫలిత బలం సున్నా అని అర్థం. పైకి గాలి 0.98 న్యూటన్లు, కిందికి భూమి 0.98 న్యూటన్లు. మొదటి నియమం తరగతి గదిలో కళ్లకు కట్టే అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

రాకెట్ దేన్ని నెడుతుంది?

మోటారు 5 న్యూటన్లతో నెడుతుంది అన్నాం. అసలు ఆ బలం ఎక్కడి నుంచి వచ్చింది? నేలను తన్నడం వల్లనా? గాలిని తన్నడం వల్లనా? రెండూ కావు. మన మోటారులో సుమారు 12 గ్రాముల ఇంధనం ఉందనుకుందాం. అది రెండు సెకన్లలో వేడి వాయువుగా మారి కిందికి దూసుకుపోతుంది, అంటే సెకనుకు 6 గ్రాములు. ఆ వాయువు వేగం సెకనుకు 830 మీటర్ల చుట్టూ ఉంటుంది. 0.006ను 830తో గుణిస్తే దాదాపు 5. రాకెట్ వాయువును 5 న్యూటన్లతో కిందికి నెట్టింది, వాయువు రాకెట్‌ను 5 న్యూటన్లతో పైకి నెట్టింది. చర్య, ప్రతిచర్య రెండు వేర్వేరు వస్తువుల మీద పనిచేస్తాయి. అందుకే అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు.

ఈ విషయంలో పెద్దలూ పొరబడ్డారు. శూన్యంలో రాకెట్ పనిచేస్తుందని అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్ అన్నందుకు, నెట్టడానికి ఏమీ లేని చోట రాకెట్ ఎలా వెళ్తుందంటూ న్యూయార్క్ టైమ్స్ 1920 జనవరిలో ఎద్దేవా చేసింది. 49 ఏళ్ల తర్వాత, అపోలో-11 చంద్రుడి దారిలో ఉండగా, 1969 జులై 17న ఆ పత్రిక దిద్దుబాటు ప్రచురించింది.

సిమ్యులేషన్‌లో ఈ సంగతిని తేల్చుకోవడం తేలిక. గాలి సాంద్రతను సున్నా చేయండి. గాలిని తన్నే రాకెట్ ఎగురుతున్నదైతే అది కదలకూడదు. లెక్కలో మాత్రం ఇంకా పైకి వెళ్తుంది.

తేలికైన కొద్దీ ఎత్తుకు పోతుందా?

అదే మోటారు, అదే వ్యాసం. ద్రవ్యరాశిని మాత్రం మారుద్దాం. ఏది ఎక్కువ ఎత్తుకు వెళ్తుందో ముందుగా రాసుకుని, ఆ తర్వాత లెక్క నడిపించాలి. సన్నగా తరిగిన లెక్క ప్రకారం ఎత్తులు ఇవి:

200 గ్రాములు: 74 మీటర్లు
100 గ్రాములు: 268 మీటర్లు
50 గ్రాములు: 423 మీటర్లు
30 గ్రాములు: 441 మీటర్లు
20 గ్రాములు: 429 మీటర్లు

200 గ్రాములను సగం చేస్తే ఎత్తు మూడున్నర రెట్లకు పైగా పెరిగింది. ఎందుకంటే మోటారు బలంలో ముందుగా బరువుకు పోగా మిగిలిందే త్వరణానికి దక్కుతుంది. కానీ కింది నుంచి రెండు వరుసలు చూడండి. 30 గ్రాముల నుంచి 20కి దిగితే ఎత్తు తగ్గింది. దూది ఉండను విసిరితే నాలుగు అడుగుల్లో పడిపోతుంది, గులకరాయి దూరం పోతుంది. ద్రవ్యరాశి మరీ తక్కువైతే జడత్వమూ తక్కువే. మోటారు ఆరగానే గాలి దాన్ని ఇట్టే ఆపేస్తుంది. రెండో నియమంలో ద్రవ్యరాశి రెండువైపులా పదునున్న కత్తి. వేగం పెంచుకునేటప్పుడు అడ్డం, వేగం నిలుపుకునేటప్పుడు అండ.

ఇక్కడే సిమ్యులేషన్ ఇంకో పాఠం కూడా చెబుతుంది. ‘సీ’ తరగతి మోటారు ఒక్కటే సుమారు 24 గ్రాములు తూగుతుంది. అంటే 20 గ్రాముల రాకెట్ ఈ లోకంలో ఉండదు. ఆ సంగతి మన లెక్కకు తెలియదు. అడిగింది కాబట్టి జవాబిచ్చింది. యంత్రం ఇచ్చిన ప్రతి అంకెనూ ఇది జరిగే పనేనా అని అడిగి చూసుకోవలసింది మనమే.

జువ్వకు తోక ఎందుకు?

దీపావళి తారాజువ్వకు పొడవాటి పుల్ల ఉంటుంది. పుల్ల విరిగిన జువ్వను వెలిగిస్తే అది గిరికీలు కొడుతూ ఎటు పోతుందో చెప్పలేం. మోడల్ రాకెట్‌కు పుల్ల చేసే పనిని రెక్కలు చేస్తాయి. రాకెట్ తన గరిమనాభి చుట్టూ తిరుగుతుంది. గాలి పక్కనుంచి నెట్టే బలమంతా ఒక బిందువు దగ్గర కేంద్రీకృతమైందని అనుకోవచ్చు, దాన్ని పీడన కేంద్రం అంటారు. పీడన కేంద్రం గరిమనాభికి వెనక ఉంటే, రాకెట్ కొంచెం పక్కకు ఒరిగినా గాలే దాన్ని తిరిగి దారిలో పెడుతుంది. ముందుంటే ఆ ఒరుగుడును ఇంకా పెంచుతుంది.

పీడన కేంద్రాన్ని లెక్కగట్టే తేలికైన పద్ధతిని 1960ల్లో జేమ్స్ బారోమన్ అనే నాసా ఇంజనీరు మోడల్ రాకెట్ల వాళ్లకు అందించాడు. ఫిన్లాండ్‌లో సాంపో నిస్కనెన్ 2009లో తన మాస్టర్స్ పట్టా పరిశోధనలో భాగంగా రూపొందించిన ‘ఓపెన్‌రాకెట్’ ఆ పద్ధతినే విస్తరించి వాడుకుంటుంది. అది ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. ముక్కు, గొట్టం, రెక్కల కొలతలు ఇస్తే రాకెట్ నిలకడగా ఎగురుతుందో లేదో, ఎంత ఎత్తుకు పోతుందో చూపిస్తుంది. నాసా గ్లెన్ కేంద్రం కూడా విద్యార్థుల కోసం ‘రాకెట్ మోడలర్’ అనే సిమ్యులేటర్‌ను తయారుచేసింది.

రెక్కలు పనిచేయాలంటే గాలి వాటి మీదుగా కాస్త వేగంగా వీయాలి. అంతవరకు రాకెట్‌ను ఒక నిలువు కడ్డీ పట్టి నడిపిస్తుంది. మీటరు పొడవు కడ్డీని వదిలేటప్పటికి మన 100 గ్రాముల రాకెట్ వేగం సెకనుకు 9 మీటర్లు, 200 గ్రాములదైతే అయిదున్నర మాత్రమే. ఓ మోస్తరు గాలికే అది దారి తప్పవచ్చు. బరువైన రాకెట్ ఎత్తుకు పోకపోవడం ఒక్కటే కాదు, ప్రమాదకరం కూడా.

శ్రీహరికోటలోనూ ఇదే లెక్క

శ్రీహరికోట ప్రయోగాల ప్రత్యక్ష ప్రసారంలో తెర మీద గీతలు కనిపిస్తుంటాయి. ఒకటి రాకెట్ వెళ్లవలసిన దారి, ముందే సిమ్యులేషన్‌తో గీసింది. రెండోది రాకెట్ నిజంగా వెళ్తున్న దారి. రెండూ ఒకదానిమీద ఒకటి సాగుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్లు. మన పట్టిక చేసే పనినే అక్కడ ఎన్నో రెట్లు సూక్ష్మంగా చేస్తారు: మారే ద్రవ్యరాశి, పలచబడే గాలి, భూమి వంపు, దశలు విడిపోవడం, ఇవన్నీ కలిపి.

2017 ఆగస్టు 31న ఐఆర్ఎన్ఎస్ఎస్-1హెచ్ ఉపగ్రహంతో బయలుదేరిన పీఎస్ఎల్‌వీ-సీ39లో ఆ గీతలు విడిపోయాయి. దట్టమైన గాలి దాటాక ఊడిపడవలసిన ఉష్ణ కవచం ఊడలేదు. దాదాపు టన్ను అదనపు ద్రవ్యరాశిని రాకెట్ చివరిదాకా మోయవలసి వచ్చింది. ఇంజిన్లు తమ పని తాము చేశాయి. బలం అదే, ద్రవ్యరాశి పెరిగింది, త్వరణం తగ్గింది, చేరవలసిన వేగం అందలేదు. ఉపగ్రహం కవచం లోపలే ఉండిపోయింది. 100 గ్రాముల రాకెట్‌కు 20 గ్రాములు కలిపి లెక్క వేసి చూసిన విద్యార్థికి, ఆ రోజు ఏం జరిగిందో వేరే చెప్పనక్కర్లేదు.

తరగతిలో ఎలా మొదలుపెట్టాలి?

ముందుగా ఊహ, తర్వాత లెక్క, ఆ తర్వాత పోలిక. ఈ వరుస మారకూడదు. బొత్తాం నొక్కి తెర మీద గీతలు చూస్తే సినిమా చూసినట్లే ఉంటుంది. మోటారు మండేటప్పుడు, ఆరిన వెంటనే, శిఖరం దగ్గర, పారాచూట్‌తో దిగేటప్పుడు, ఈ నాలుగు చోట్ల రాకెట్ బొమ్మ గీసి బలాలకు ఒక రంగు బాణం, వేగానికి ఇంకో రంగు బాణం పెట్టమనాలి. కాగితాలు తీసుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి. తప్పు బాణానికి మార్కులు తగ్గించకూడదు. ఆ బాణమే పాఠానికి ముడిసరుకు.

కంప్యూటర్ లేని బడిలో తరగతిని జట్లుగా చేసి ఒక్కో జట్టుకు ఒక్కో ద్రవ్యరాశి ఇవ్వవచ్చు. ఒకరు బలం, ఒకరు త్వరణం, ఒకరు వేగం, ఒకరు ఎత్తు లెక్కగట్టి పక్కవారికి అందిస్తే పట్టిక ముందుకు సాగుతుంది. చివరికి అన్ని జట్ల ఎత్తులనూ నల్లబల్ల మీద గ్రాఫుగా గీయాలి. ఒక పీరియడ్‌లో పూర్తయ్యే పని ఇది. కంప్యూటర్ ఉంటే స్ప్రెడ్‌షీట్‌లో ఈ నాలుగు సూత్రాలనూ ఒక్క వరుసలో రాసి కిందికి లాగితే సరిపోతుంది.

ఆ తర్వాత లెక్కను నేల మీదకు దించాలి. శీతల పానీయం ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, సైకిలు పంపుతో గాలి కొట్టి ఎగరేసే నీటి రాకెట్‌కు మందు అక్కర్లేదు. ఉపాధ్యాయుడు దగ్గరుండాలి, పిల్లలు దూరంగా నిలబడాలి, గాజు లేదా లోహపు సీసా ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. 50 మీటర్ల దూరంలో నిలబడి, కోణమానినికి దారం, చిన్న బరువు కట్టి శిఖరాన్ని చూస్తే కోణం తెలుస్తుంది. కోణం 45 డిగ్రీలైతే రాకెట్ ఎత్తు 50 మీటర్లు, దానికి చూసేవారి కంటి ఎత్తు కలపాలి.

కొలిచిన ఎత్తు, లెక్కలో వచ్చిన ఎత్తు ఒకటి కావు. అప్పుడు గాలి నిరోధం అంకెను అటూ ఇటూ జరిపి జవాబు సరిపెట్టాలనిపిస్తుంది. దాని బదులు తేడా ఎందుకు వచ్చిందో అడగాలి. రాకెట్ నిటారుగా వెళ్లిందా? నీళ్లు పోయేకొద్దీ ద్రవ్యరాశి మారిందా? సీసాలో గాలి ఒత్తిడి తగ్గేకొద్దీ నెట్టే బలం కూడా తగ్గిందా? ఒక్కో కారణాన్నీ లెక్కలో చేర్చి, తేడా ఎంత తగ్గిందో చూడాలి. ఒకసారి సరిచేసిన లెక్క తర్వాతి ప్రయోగంలో ఎత్తును ముందే చెప్పగలిగితే, అప్పుడు దాన్ని నమ్మవచ్చు.

ఈ పనంతా అయ్యాక మొదటి ప్రశ్ననే మళ్లీ అడిగి చూడండి. మోటారు ఆరిన రాకెట్ బొమ్మ మీద పైకి బలం బాణం గీయబోయి చేయి ఆగిపోయిన ప్రతి విద్యార్థికీ మొదటి నియమం అందినట్లే.